నాన్న మీద సాక్ష్యం

ఈశ్వర్ బాప్తిస్మం తీసుకుని ఏడాది తిరక్కుండానే వాక్యం చెప్పాలని తొందరపడ్డాడు.

ఒడిశాలోని బరంపురం పెద్దబజారు వెనక సందులో, రేకుల కప్పు హాలులో ఆ చిన్న తెలుగు సంఘం కూడుకునేది. ఈశ్వర్ అప్పడాలూ పచ్చళ్లూ తయారుచేసే దుకాణంలో పనివాడు. మోపెడ్ మీద సరుకు కట్టుకుని ఊరంతా తిరిగి కొట్లకు వేసి రావడం అతని పని. తనతో పనిచేసే హరీష్ ఒక క్రిస్మస్‌కి భోజనానికి పిలిస్తే మొదటిసారి ఆ హాలు గుమ్మం తొక్కాడు. పాటలు బాగున్నాయనిపించింది. మళ్లీ వెళ్లాడు. అలా వెళ్లగా వెళ్లగా, ఒక ఆదివారం అందరితో పాటు తానూ మోకరించి ఉన్నాడు. అంతే అతని కథ. అందులో ఏడుపూ లేదు, నెత్తురూ లేదు. అదే అతనికి చిన్నతనంగా ఉండేది. మిగతావాళ్లు లేచి, దేవుడి దగ్గరికి ఎలా వచ్చారో సాక్ష్యం చెబుతుంటే ఒకడు చావు నుంచి తప్పించుకున్నవాడు, ఒకడు జైలు నుంచి వచ్చినవాడు. తాను మాత్రం క్రిస్మస్ భోజనం నుంచి వచ్చినవాడు.

సంఘ కాపరి పేరు పైడన్న. అందరూ అయ్యగారంటారు. చిన్నప్పుడు మిల్లులో పనికి చేరి, చాలా ఏళ్లు ఈ హాలు తాళాలు తీసి, చాపలు పరిచి, వయసు సగం గడిచాక కాపరి అయినవాడు. మాట నెమ్మది. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే అవుననడు, కాదనడు.

"అయ్యగారూ, నాకూ ఒక ఆదివారం ఇవ్వండి," అని ఈశ్వర్ అడిగాడు.

"ఇస్తాన్రా. తొందరేటి? ముందు శనివారాలు నరసన్న దగ్గరికెల్లి కూకో."

"కూకుని ఏటి సెయ్యాలి?"

"ఏటీ సెయ్యొద్దు. అతను సెప్పింది ఇను."

నరసన్న రైల్వేలో పట్టాలు చూసే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. పక్షవాతంతో మంచం పట్టాడు. మాట ముద్దముద్దగా వస్తుంది. ఒక సంగతి మొదలుపెట్టి ముగించేసరికి టీ చల్లారిపోతుంది. ఈశ్వర్ మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఊ కొడుతూ, అవతలి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునేవాడు. ఆంధ్రా వైపు ఒక ప్రసంగీకుడున్నాడు. వేలమంది ఎదుట తెల్ల బట్టలు వేసుకుని నిలబడి, తాగుబోతు తండ్రి గురించీ, దెబ్బలు తిన్న తల్లి గురించీ, ఆకలితో ఏడ్చిన తన బాల్యం గురించీ చెబుతాడు. జనం వెక్కి వెక్కి ఏడుస్తారు. ఈశ్వర్ ఆ ప్రసంగాన్ని ఎన్నిసార్లు విన్నాడో అతనికే తెలియదు. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగి గాలి పీల్చాలో కూడా ఒంటబట్టింది.

ఆ వానాకాలంలో పురుషోత్తంపూర్‌లో బంధువులెవరో పోయారని కబురొస్తే పైడన్న శుక్రవారం నాడే వెళ్లిపోయాడు. ఆదివారం ఎవరు చెబుతారన్న మాట వచ్చింది. సంఘ పెద్ద గణపతిరావు, రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, "మన ఈశ్వర్ అడుగుతున్నాడు కదా, ఒకసారి చెప్పనివ్వండి," అన్నాడు. ఈశ్వర్ సంతోషం పట్టలేక ఆ సాయంత్రమే గిరిసోల దగ్గరి తన ఊరికి ఫోన్ చేసి అమ్మతో చెప్పాడు.

"పెద్దోల ముందు మాటాడతావేట్రా?" అంది సీతాలు.

"మాటాడతాను. మైకులో."

ఆదివారం మైకు ముందు నిలబడ్డాడు. తాను రాసుకొచ్చిన మాటలు చూస్తుండగానే అయిపోయాయి. ముందు వరుసలో గణపతిరావు ఆవులింత ఆపుకుంటున్నాడు. వెనక ఒక అమ్మాయి ఫోను చూసుకుంటోంది. ఈశ్వర్ కాగితం మడిచేశాడు.

"నా చిన్నప్పుడు," అన్నాడు. తర్వాత ఏం చెప్పాలో అతనికి తెలియదు. నోటికి వచ్చింది మాత్రం విని విని కంఠతా పట్టేసిన కథ. "మా నాన్న బట్టీలో పనిచేస్తాడు. రోజూ తాగొచ్చి మా అమ్మను కొట్టేవాడు."

ఫోను చూసుకుంటున్న అమ్మాయి తలెత్తింది.

తండ్రి లక్ష్ముడు బట్టీలో పనిచేసే మాట నిజమే. అది మొగలిపువ్వు బట్టీ. వాన పడే నెలల్లో ఆ చుట్టుపక్కల పొలం గట్ల మీద కోసిన మొగలిపూలను రాగి పాత్రల్లో ఉడికించి అత్తరు తీస్తారు. లక్ష్ముడు అక్కడ మంట చూసే పని చేస్తాడు. జీవితంలో సారా చుక్క ఎరగని మనిషి. కానీ బట్టీ అన్న మాటకు హాలులో అందరికీ తోచింది సారా బట్టీయే. ఆ సంగతి ఈశ్వర్‌కి చెబుతుండగానే తెలిసింది. దిద్దలేదు. ఆ ఒక్క నిజాన్నీ గుంజలా పాతి, మిగతా అబద్ధమంతా దానికి కట్టేశాడు. పగిలిన అన్నం కుండ, తల్లి నుదుటి మీద గాయం, మూల కూర్చుని ఏడ్చిన పిల్లవాడు, అన్నీ చెప్పాడు. గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించాడు. ముందు వరుసలో గణపతిరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆరాధన ముగిశాక జనం చుట్టూ మూగి చేతులు పట్టుకున్నారు. ఈశ్వర్ తేలిపోతున్నట్టుగా బయటికి వచ్చాడు. వరండాలో, చెప్పుల వరస పక్కన, స్పీకరు పెట్టె కింద లక్ష్ముడు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గుడ్డ సంచి ఉంది.

"మీ యమ్మ వంకాయలు అంపించింది," అన్నాడు లక్ష్ముడు లేస్తూ. "నువ్వు మాటాడతన్నావని, ఎల్లి సూసి రమ్మంది."

ఈశ్వర్ ఎప్పుడు వచ్చావని అడగలేదు. అడగక్కర్లేదు. తండ్రి పంచె అంచు తడిసి ఆరిపోయి ఉంది, వాన పొద్దున్నే తగ్గింది. అంటే మొదట్నుంచీ ఇక్కడే కూర్చుని విన్నాడు.

అంతలో అరుణజ్యోతి అటువైపు వచ్చింది. కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టి బతికే ఆవిడ. భర్త తాగి తాగి పోయాడు. ఇప్పుడు కొడుకు ఫణిభూషణ్ అదే దారిలో ఉన్నాడని సంఘమంతటికీ తెలుసు. పోలికలు చూసి గుర్తుపట్టిందేమో, లక్ష్ముడి రెండు చేతులూ పట్టుకుంది.

"అన్నయ్యా, మీరు ఈశ్వర్ నాన్నగారే కదా. ఇక్కడిదాకా వచ్చారంటే ప్రభువే తెచ్చాడు. జరిగిందేదో జరిగిపోయింది. ఇంకెప్పుడూ ఆ తాగుడు జోలికి వెళ్లకండి. మీ అబ్బాయి మొహం చూసైనా మానెయ్యండి."

లక్ష్ముడు కొడుకు వైపు చూశాడు. ఈశ్వర్ చెప్పుల వైపు చూశాడు. మా నాన్న తాగడు అన్న ఒక్క మాట చాలు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు తనను ఇంకా ప్రేమగా చూస్తున్నారు.

"అలగేనమ్మా," అన్నాడు లక్ష్ముడు. "మానీస్తాను."

ఆవిడ కళ్లొత్తుకుంది. ఎవరో స్తోత్రం అన్నారు. లక్ష్ముడు సంచి కొడుకు చేతికిచ్చి మెట్లు దిగాడు. మోపెడ్ మీద స్టేషనులో దింపుతానని ఈశ్వర్ వెనకే వెళితే, "ఒద్దులే, నడిసెల్తాను. నువ్వు మీవోల దగ్గరుండు," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఈశ్వర్‌కి తర్వాత చాలాసార్లు అనిపించింది.

పైడన్న తిరిగొచ్చాక, "బాగా సెప్పినావటగదా," అన్నాడు. అంతకుమించి అడగలేదు.

ఆ తర్వాత ఈశ్వర్‌కి పిలుపులు మొదలయ్యాయి. లంజిపల్లిలో ఒక ఇంటి ప్రార్థనకి పిలిచారు. గోపాలపూర్ దారిలో ఇంకొక చిన్న సంఘం వాళ్లు పిలిచారు. అందరికీ కావలసింది ఆ సాక్ష్యమే. ప్రతిసారీ అందులో ఇంకొంచెం అబద్ధం కలిసేది. చెబుతూ చెబుతూ ఏడ్చేవాడు. ఏడుపు మాత్రం నిజంగానే వచ్చేది. అది చూసి తనకు తానే భయపడ్డాడు. హాలులో కొత్త మొహాలు కనిపించసాగాయి. నరసన్న దగ్గరికి వెళ్లడం తగ్గిపోయింది.

ఇంటికి ఫోన్ చేయడం కూడా తగ్గించాడు. ఒకరోజు సీతాలే చేసింది.

"మీ నాన్న ఈమద్దిన సరిగ్గా తినడంనేదురా. ఏటని అడిగినా సెప్పడు. అక్కడేటైనా జరిగిందేటి?"

"ఏటీ నేదమ్మా," అన్నాడు ఈశ్వర్.

తండ్రి ఇంట్లో కూడా చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఫోను పెట్టేశాక దుకాణం వెనక, ఎండబెట్టిన అప్పడాల చాపల మధ్య, చాలాసేపు ఊరికే నిలబడిపోయాడు.

మొగలిపూల కాలం ముగిసేవేళకి గణపతిరావు ఆరాధనలో ఒక ప్రకటన చేశాడు. వచ్చే ఆదివారం సంఘం నుంచి కొంతమంది ఈశ్వర్ ఊరు వెళ్లి, లక్ష్ముడి ఇంట్లో ప్రార్థన చేసి వస్తారు. తాగుడు మానేసిన మనిషిని బలపరచాలి. అరుణజ్యోతి లేచి, తన ఫణిని కూడా తీసుకొస్తానంది. "మానినవాళ్లు ఉన్నారని వాడు కళ్లారా చూడాలి. మీ నాన్నగారి సంగతి చెప్పిన దగ్గర్నుంచి వాడు ముట్టుకోలేదు," అంది ఈశ్వర్ వైపు తిరిగి.

జరగబోయేది ఈశ్వర్‌కి కళ్లకు కట్టింది. ఊరంతా చూస్తుండగా, తన ఇంటి ముందు ఆటో దిగి వీళ్లంతా తండ్రి చుట్టూ చేరి తాగుడు గురించి ప్రార్థన చేస్తారు. తండ్రి మళ్లీ అలాగేనమ్మా అంటాడు. తప్పకుండా అంటాడు.

ఆ మధ్యాహ్నమే పైడన్న ఇంటికి వెళ్లాడు. అరుగు మీద కూర్చుని ఆయన సైకిలు చైను బిగించుకుంటున్నాడు. ఈశ్వర్ ఎదురుగా నిలబడే అంతా చెప్పేశాడు. చెప్పడానికి అనుకున్నంతసేపు పట్టలేదు. పైడన్న తలెత్తకుండా విన్నాడు. చేతుల నూనె గుడ్డతో తుడుచుకున్నాడు.

"నాకు అనుమానం వొచ్చింది," అన్నాడు చివరికి.

ఈశ్వర్ అర్థంకానట్టు చూశాడు.

"నీ బాప్తిస్మానికి ముందు మీ నాన్న నా దగ్గరికొచ్చినాడు. ఈ అరుగు మీదే కూకున్నాడు. మావోడు మీ దగ్గర బాగున్నాడా అని అడిగినాడు. ఒంటినిండా మొగలిపువ్వు వాసన. తాగే మనిషెవడో, తాగని మనిషెవడో నాకు తెలీదేట్రా? నువ్వు సెప్పిన కత నా సెవిన పడ్డప్పుడే తేడాగా ఉందనుకున్నాను. అడగనేదు."

"ఏల అడగనేదు అయ్యగారూ?"

"హాలు నిండతంది. కొత్తోలు వొస్తన్నారు. నాకూ బాగుంది." పైడన్న ఆ మాట చెప్పి మొహం పక్కకు తిప్పుకున్నాడు. "నీకేనా సిగ్గు? నాకూ ఉంది."

లోపలి నుంచి పైడన్న భార్య టీ తెచ్చి పెట్టి వెళ్లింది.

"ఇప్పుడేటి సెయ్యమంటారు?"

"ముందు మీ నాన్న దగ్గరికెల్లు. ఆదివారం ఇక్కడ సెప్పు. తర్వాత ఎక్కడెక్కడ ఆ కత సెప్పినావో అక్కడక్కడికెల్లి సెప్పు. నానూ వొస్తాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నాకు తెలీదురా."

మర్నాడు దుకాణంలో సెలవడిగి, ప్యాసింజరు బండి ఎక్కి ఈశ్వర్ ఊరు చేరాడు. ఇంటికి పోకుండా తిన్నగా బట్టీకి వెళ్లాడు. ఆఖరి పూలు మరుగుతున్నాయి. లక్ష్ముడు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని కట్టెలు లోపలికి తోస్తున్నాడు. కొడుకును చూసి జరిగి చోటిచ్చాడు. ఈశ్వర్ కూర్చోలేదు. ఆదివారం సంఘం వాళ్లు ఇంటికి ప్రార్థనకు వస్తామంటున్నారని ముందు చెప్పాడు.

"నాన్నా, ఆ రోజు నాను మైకులో సెప్పింది నా కత కాదు. ఎవులో ఫోన్లో సెప్పిన కత. నాదని సెప్పీసినాను. అంతా అబద్దం."

లక్ష్ముడి చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది.

"అంతానా?" అన్నాడు.

"అంతా."

"కొట్టడం కూడానా?"

ఆ ప్రశ్న ఎందుకో ఈశ్వర్‌కి తెలియలేదు. అవునని తల ఊపాడు. లక్ష్ముడు మంటలోకి చూశాడు. తర్వాత ఎవరితోనో చెబుతున్నట్టుగా మొదలుపెట్టాడు.

"నీకు నాలుగైదేల్లుంటాయి. తుపానుకి సేనంతా పడిపోనాది. ఇంట్లో మీ యమ్మ ఏదో అన్నాది. ఏటన్నాదో కూడా ఇప్పుడు గుర్తునేదు. సెయ్యి సేసుకున్నాను. ఒక్కపాలే. పడిపోతే నుదురు గుమ్మానికి తగిలింది. నువ్వు మూల కూకుని సూస్తన్నావు. పసిగుంటడు, వీడికేటి గుర్తుంటాదిలే అనుకున్నాను. ఆ రోజు అక్కడ నువ్వు సెప్తంటే అదే అనుకున్నాను. తాగుడు మాట జనం కోసం కలిపినాడు గాని, కొట్టింది మాత్రం మావోడు మర్సిపోనేదు, ఇన్నాళ్లూ కడుపులో దాసుకున్నాడు అనుకున్నాను. అందుకే ఆయమ్మ అడిగితే అవునన్నాను."

ఈశ్వర్‌కి అదేమీ గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా ఆ మూలా, ఆ గుమ్మమూ జ్ఞాపకంలో లేవు. తల్లి నుదుటి మీద చిన్న మచ్చ ఉందని మాత్రం తెలుసు. అదెలా వచ్చిందో ఎప్పుడూ అడగలేదు.

"నీకు గుర్తు నేదా?" అన్నాడు లక్ష్ముడు.

"నేదు నాన్నా."

"అయితే నానే సెప్పీసినాను," అని లక్ష్ముడు కట్టెను పొయ్యిలోకి తోశాడు.

ఈశ్వర్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. అబద్ధం చెప్పి తండ్రి పరువు తీశానని అనుకుని వచ్చాడు. చేసింది అదొక్కటే కాదు. ఎవరికీ తెలియకుండా ఆ మనిషి ఒక్కడే మోసుకుంటున్న దాన్ని ఊరి మధ్యలోకి ఈడ్చి, ఇన్ని నెలలు అన్నం తిననివ్వలేదు. క్షమించమని అడగాలనుకున్న మాటలు దారిలో ఎన్నో కూర్చుకున్నాడు. అవన్నీ మైకులో చెప్పేవాటిలా వినిపించి నోరు మూసుకున్నాడు.

"ఆదివారం మీవోలు వొస్తారా?" అని లక్ష్ముడు అడిగాడు.

"రారు. నాను సెప్పీస్తాను."

"ఆయమ్మకి మాత్రం మెల్లగా సెప్పు. నన్ను అన్నయ్యా అన్నాది."

ఆదివారం ఈశ్వర్ వేదిక ఎక్కలేదు. చాపల ముందు కింద నిలబడి, మైకు లేకుండా చెప్పాడు. తన తండ్రి ఎన్నడూ తాగలేదని, తాను చెప్పింది వేరొకరి కథ అని, పొగడ్త కోసమే చెప్పానని చెప్పాడు. తండ్రి కడుపులోని సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది తనది కాదు. తర్వాత పైడన్న లేచి, అనుమానం వచ్చినా అడగకుండా ఊరుకున్నది తానేనని చెప్పాడు. హాలులో గుసగుసలు బయల్దేరాయి. గణపతిరావు మొహం ఎర్రబడింది. "మేం ఏడ్చాం కదయ్యా నీ మాటలు నమ్మి," అన్నాడు.

అరుణజ్యోతి లేచి అతని దగ్గరికి వచ్చింది. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"మా ఫణికి నేను మీ నాన్న పేరే చెబుతూ వచ్చాను. ఆయన మానగా లేనిది నువ్వు మానలేవా అని. ఇప్పుడు వాడికేం చెప్పమంటావు?"

ఆవిడ చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ వారమే ఫణిభూషణ్ మళ్లీ తాగాడని హరీష్ చెప్పాడు. కొత్తగా వచ్చిన వాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు.

చెప్పినట్టే పైడన్న అతనితో పాటు ప్రతి చోటికీ వచ్చాడు. ఒక ఇంట్లో గుమ్మంలోనే నిలబెట్టి పంపేశారు. లంజిపల్లిలో ఒక ముసలావిడ అంతా విని, "అయితే ఏం బాబూ, చెప్పడం మాత్రం బాగా చెప్పావు," అంది. ఆ మెప్పు అన్ని తిట్ల కంటే ఎక్కువగా కాల్చింది. తిరుగుదారిలో మోపెడ్ నడుపుతూ ఈశ్వర్, "నాను ఇంక సంఘానికి రాను అయ్యగారూ," అన్నాడు.

"రాకపోతే ఎక్కడికెల్తావు?" అన్నాడు వెనక కూర్చున్న పైడన్న. "చాపలు పరిసేవోడు కావాలి మరి."

అలా చాపలు పరుస్తూనే ఉండిపోయాడు. పైడన్న ఏ మాటా ఇవ్వలేదు, ఇతనూ అడగలేదు. శనివారాలు మళ్లీ నరసన్న దగ్గరికి వెళ్లాడు. ఇన్ని రోజులు ఎందుకు రాలేదని నరసన్న అడగలేదు. ఈసారి ఫోను బయట మోపెడ్ డిక్కీలో పెట్టి వచ్చేవాడు. మొదట్లో ముద్దమాటల్లో పదో వంతు కూడా తెలిసేది కాదు. విని విని, వర్షాకాలం రాత్రులు పట్టాల వెంట లాంతరు పట్టుకుని నడిచిన సంగతులు, తనతోటి మనిషి ఒకడు తన కళ్ల ముందే బండి కింద పడిన సంగతి, ఆ వేళ తాను ఒక కేక వేసి ఉంటే బతికేవాడన్న బాధ, ఒక్కొక్కటే అర్థమయ్యాయి. ఈ మాటే నరసన్న మొదటి శనివారం నుంచీ చెప్పాలని చూస్తున్నాడని ఈశ్వర్‌కి తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఊ కొట్టినవన్నీ ఆ మాటలే.

నరసన్న పోయినప్పుడు సమాధి దగ్గర, ఆయన గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పండన్నారు. ఎవరూ కదల్లేదు. పైడన్న ఈశ్వర్ వైపు చూశాడు. ఈశ్వర్ ముందుకొచ్చి, నరసన్నకు ఉడకబెట్టిన వేరుశనగలంటే ఇష్టమని, తోటివాడి పేరు చెప్పినప్పుడల్లా ఏడ్చేవాడని, ఆ పేరుతోనే చివరిదాకా ప్రార్థన చేసేవాడని చెప్పి వెనక్కి జరిగాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువైనా అది తనకోసం అవుతుందని భయం. నరసన్న కూతురు పద్మిని దగ్గరికి వచ్చి, "నాన్న మాట నీకు తెలిసేదా? మాకు తెలిసేది కాదు," అంది. ఆ మాటకు ఈశ్వర్ తల దించుకున్నాడు. మొదట్లో తెలిసేది కాదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు అని ఆమెతో చెప్పాడు.

ఏళ్లు గడిచాయి. పైడన్న సాయంత్రాలు అతన్ని కూర్చోబెట్టి గ్రంథం చదివించేవాడు. చదివింది ఒడియాలోనూ చెప్పడం నేర్పాడు. అడిగిన ప్రశ్నకు తెలియకపోతే తెలియదనడం నేర్పాడు. ఈశ్వర్‌కి అది అన్నిటికంటే కష్టమైంది. ఒకసారి ఫణిభూషణ్ కడుపులో నొప్పితో ఆసుపత్రిలో చేరాడు. అరుణజ్యోతి ఈశ్వర్‌కే కబురు పెట్టింది. ఎందుకు తనకని అడిగే ధైర్యం అతనికి లేదు. వెళితే, "నువ్వేం చెప్పకు. రాత్రి నేను లేనప్పుడు వాడి పక్కన కూర్చో, చాలు," అంది. కూర్చున్నాడు. ఫణి బతికి బయటపడ్డాడు. ఇప్పటికీ కొన్నాళ్లు మానతాడు, కొన్నాళ్లు తాగుతాడు. అరుణజ్యోతి ఈశ్వర్‌తో అవసరానికి మాట్లాడుతుంది, అంతే.

ఊరికి నెలకోసారి వెళతాడు. తండ్రి మామూలుగానే మాట్లాడతాడు, పొలం సంగతీ బట్టీ సంగతీ చెబుతాడు. ఈశ్వర్ వింటూ ఆయన చేతులకేసి చూస్తాడు. మొహంలోకి చూడలేడు. తల్లి వంగి అన్నం పెడుతుంటే నుదుటి మచ్చ కనిపిస్తుంది. ఆవిడ ఆ సంగతి మరిచిపోయిందో లేదో అతనికి ఇంతవరకూ తెలియదు.

మోకాళ్లు అరిగిపోయి పైడన్న బయటి ఊళ్లకు తిరగలేని స్థితి వచ్చింది. ఆ ఏడు రామయ్యపట్నంలో నాలుగైదు జాలరి కుటుంబాలు ప్రార్థనకి రమ్మంటే, ఈశ్వర్ ఆయన్ను ఆటోలో తీసుకెళ్లాడు. అప్పలరాజు అనే ఆయన ఇంట్లో కూడారు. బయట వలలు ఆరేసి ఉన్నాయి, వాకిట్లోంచి అలల మోత వినిపిస్తోంది. పాట అయ్యాక పైడన్న కుర్చీలో వెనక్కి వాలి, "ఈయేళ నువ్వు సెప్పు," అన్నాడు.

ఈశ్వర్ చదివిన భాగాన్ని పట్టుకుని కొంచెంసేపు, తనకు తెలిసినంత మేరకే చెప్పాడు. ఒకచోట తడబడ్డాడు. ఎవరూ ఏడవలేదు. ప్రార్థన చేసి కూర్చున్నాడు.

"మీ సాక్ష్యం సెప్పనేదేటి?" అన్నాడు అప్పలరాజు. "వొచ్చిన పాస్టర్లందరూ సెప్తారు."

ఈశ్వర్ పైడన్న వైపు చూశాడు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రో ఏమో తెలియదు. ఇక్కడ తన సంగతి ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. క్రిస్మస్ భోజనం కథ చెప్పి ఊరుకోవచ్చు, అది అబద్ధం కూడా కాదు. ఈశ్వర్ లేచి నిలబడలేదు. కూర్చున్నచోటే, చాప వైపు చూస్తూ, సంఘం ఎదుట తండ్రి మీద అబద్ధం చెప్పిన సంగతి, ఎదురుగా ఉన్న తండ్రి ఆ నింద నెత్తిన వేసుకున్నా తాను నోరు మెదపని సంగతి చెప్పాడు. ఆడవాళ్లలో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒకతను లేచి బయటికి వెళ్లిపోయాడు.

అప్పలరాజు అడిగాడు. "మీ నాన్న ఉన్నాడా?"

"ఉన్నాడు."

"మాటాడతాడా?"

"ఆయన మాటాడతాడు. నాకే ఆయన్ని సూడడానికి మొహం సెల్లదు."

అప్పలరాజు వాకిట్లోకి చూశాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే లేచి వెళుతున్నారు. ఆయన మాత్రం తన చాప ఈశ్వర్ దగ్గరికి జరుపుకున్నాడు.

"మా పెద్దోడు సూరత్‌లో ఉన్నాడు," అన్నాడు గొంతు తగ్గించి. "ఎల్లిపోయేముందు వాడిని ఒక మాట అన్నాను."

ఆ మాటేమిటో వెంటనే చెప్పలేకపోయాడు. ఈశ్వర్ తొందరపెట్టలేదు.